పాడినట్టుగా భావించడమైనది

మా విభాగం పేరు అంతిమ విభాగం. ఆ పేరు చూసి వారానికి ఇద్దరు ముగ్గురు శవవాహనం కావాలని ఫోన్ చేస్తుంటారు. మొదట్లో విసుక్కునేవాణ్ణి. తర్వాత వాళ్ళకి కావలసిన నంబరు ఒక చీటీ మీద రాసి ఫోన్ పక్కనే అంటించుకున్నాను. మా విభాగం వల్ల జనానికి జరిగిన మేలు అదొక్కటేనని గిట్టనివాళ్ళు అంటుంటారు. నేను అనను. అక్కడ సూపరింటెండెంటుని నేనే. పేరు గేదెల తవిటయ్య.

మా అసలు పని వేరు. ఎవరైనా గాయకుడు గానీ బృందం గానీ "ఇదే మా చివరి ఆల్బమ్" అని ప్రకటిస్తే, అది నిజంగా చివరిదేనా కాదా అని పరిశీలించి ధ్రువపత్రం ఇవ్వాలి. ఇందుకోసం రాష్ట్ర ధ్వని వికాస మండలి విశాఖపట్నంలో, పాత పోస్టాఫీసు వీధిలో, రెండంతస్తుల మేడ అద్దెకి తీసుకుని మమ్మల్ని అందులో కూర్చోబెట్టింది.

ఈ నిబంధన ఎలా పుట్టిందో చెప్పాలి. ఆ మధ్య వీడ్కోలు కచేరీలు మహా ఫ్యాషనయ్యాయి. గొంతు కాస్త జీరపోతే చాలు, వీడ్కోలు. ఒక పెద్ద అధికారి గారు ఒకే గాయకుడి వీడ్కోలు కచేరీకి మూడేళ్ళలో మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాలుగోసారి ఆహ్వానం వచ్చేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. "ప్రజల కన్నీటికి పూచీ ఎవరు?" అని ఫైలు మీద ఒక్క ముక్క రాశారు. ఆ ముక్క పట్టుకుని మావాళ్ళు ఆర్నెల్లు కష్టపడి నలభై రెండు నిబంధనలు తయారుచేశారు.

నిబంధనలు వచ్చాక రెండేళ్ళ పాటు ఒక్క దరఖాస్తూ రాలేదు. గాయకులు తెలివైనవాళ్ళు. చివరిది అనడం మానేసి, ఎప్పటిలాగే పాడుకుంటూ పోయారు. దాన్ని మేం నిబంధనల విజయంగా వార్షిక నివేదికలో రాసుకున్నాం. ఆ తర్వాత ఉప్పుగాలి వచ్చింది.

ఉప్పుగాలి అనేది రాక్ బ్యాండు. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంది. "ఉప్పుగాలి చివరి ఆల్బమ్, త్వరలో" అని వాళ్ళు హార్బరు గోడల మీద పోస్టర్లు అంటించారు. రూలు ప్రకారం నేను నోటీసు పంపాను. నోటీసు నకలు ఊళ్ళో ఉన్న స్టూడియోలన్నిటికీ వెళ్ళింది. వాళ్ళు మాట్లాడుకున్న అల్లిపురం స్టూడియో ఆయన, డ్రమ్ములు బయటపెట్టి, "ధ్రువపత్రం తెచ్చుకుని రండి బాబూ" అని తాళం వేసుకున్నాడు.

జూన్ మూడో తారీకున ముగ్గురూ నా బల్ల ముందుకొచ్చారు. రాక్ బ్యాండంటే జులపాలూ చిరుగు ప్యాంట్లూ అనుకున్నాను. వీళ్ళు రేషన్ కార్డులో పేరు దిద్దించుకోడానికి వచ్చినవాళ్ళలా ఉన్నారు. పాడేది గనగళ్ళ నూకరాజు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీ ఆపరేటరు. డ్రమ్ములు వాయించేది తెడ్డు పరశయ్య, పడవలు కట్టే మేస్త్రీ. గిటారు స్టెల్లా మేడమ్ గారిది. ఆవిడ రైల్వే బడిలో సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారాలు ఐసు మిషను ఆపినప్పుడు ఆ షెడ్డులోనే ముగ్గురూ సాధన చేస్తారట.

"పోస్టరు మీద చివరిదని ఎందుకేశారండీ?" అన్నాను.

"సివరిది గాబట్టండి," అన్నాడు నూకరాజు. మాట బొంగురుగా, ఇసుక మీద తెప్ప లాగినట్టు వచ్చింది. గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ గడ్డ. జూలై ఏడున ఆపరేషను. గొంతులో పెట్టె మొత్తం తీసీయాలంట. ఆ తర్వాత మాటే నేదు, పాట మాట సెప్పీదేటి?"

"ఎనిమిది పాటలున్నాయండీ," అంది స్టెల్లా. "రోజుకి గంట కంటే గొంతు వాడొద్దన్నారు డాక్టరు గారు. రెండు వారాలు స్టూడియో ఇప్పిస్తే చాలు, పూర్తి చేసేస్తాం."

ముప్పై నాలుగు రోజులుంది. ఫైలుకి ముప్పై నాలుగు రోజులంటే ఎంతో నాకు తెలుసు. బల్ల మీంచి బల్ల మీదకి వెళ్ళడానికే సరిపోదు. నాకు తోచిన ఉపాయం చెప్పాను. "ఆ చివరి అన్న మాట తీసేయండి. మామూలు ఆల్బమ్ అనండి. మాకు మీతో పనే ఉండదు."

పరశయ్య మొహం వెలిగింది. ముగ్గుర్నీ డైరెక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళాను.

మా డైరెక్టరు చిత్రభాను గారు దేనికీ తొందరపడే మనిషి కాదు. కాఫీ తాగడానికి కూడా నోట్ పెట్టించుకుంటారని బయట చెప్పుకుంటారు. అది అబద్ధం, టిఫినుకి మాత్రమే. ఆయన నా ఉపాయం విని కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"అంతిమత్వం ఒకసారి ప్రకటించబడిన పిమ్మట, సదరు ప్రకటనను ఉపసంహరించుకోవాలంటే పద్నాలుగో నిబంధన వర్తిస్తుంది. తదుపరి ఆల్బమ్ ఏ తేదీన వెలువరించబోతున్నారో గాయకుడు స్వహస్తాలతో హామీ పత్రం సమర్పించాలి. లేనియెడల ప్రజలు నిరాధారంగా ఆశాభంగం చెందే ప్రమాదం ఉంది."

"రాసీరా నూకా!" అన్నాడు పరశయ్య. "ఏదో తేదీ పడీ. ఎవుడు సూడొస్తాడు?"

నూకరాజు కాగితం తీసుకున్నాడు. పెన్ను తీసుకున్నాడు. చాలాసేపు చూసి రెండూ మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"నా వల్ల కాదురా. అబద్ధమని కాదు. వచ్చే ఏడు పాడతానని నా సేత్తో నాను రాసుకుంటే, ఆశ పుట్టుకొచ్చీద్ది. సచ్చీసెడీ పడి ఇప్పుడిప్పుడే మనసు కుదురు సేసుకున్నాను. మళ్ళీ మొదలెట్టలేను."

డైరెక్టరు గారు తలూపారు. "అభ్యర్థి అంతిమత్వంపై దృఢంగా ఉన్నట్లు నమోదు చేయండి," అని నాకు చెప్పారు. నమోదు చేశాను.

అలా మొదటి ఫైలు తెరుచుకుంది. ఇరవై ఒకటో నిబంధన ప్రకారం, ఆల్బమ్‌లో పాటలన్నీ మండలి ఎదుట పాడి వినిపించాలి. దీన్ని ప్రత్యక్ష శ్రవణం అంటారు. పాత పాటలు కలిపి కొత్తవని చెబుతున్నారేమో, పాటలకి అంతిమ లక్షణం ఉందో లేదో చూడాలి. ప్రతి పాటనీ ఆఫీసు రికార్డరులో సాక్ష్యంగా ఎక్కించి, ప్రదర్శ అని నంబరు వేసి, లక్కసీలు కొట్టి ఫైలులో పెట్టాలి. రికార్డరు మీట నొక్కేది నేను. ప్రతి పాటకి ముందు "ప్రదర్శ ఒకటి, ఫైలు నంబరు ఫలానా, సమయం పదకొండు ఇరవై" అని చదివేది కూడా నేనే. నాలుగు బైఠకులు, బైఠకుకి రెండు పాటలు అని నిర్ణయమైంది.

మొదటి బైఠకు రోజు పరశయ్య డ్రమ్ములు ఆటోలో వేసుకొచ్చాడు. గేటు దగ్గర ఆపేశారు. ధ్వని వికాస మండలి ఆవరణలో శబ్దం చేసే పరికరాలు నిషిద్ధం. గిటారు మోత పెంచే కరెంటు పెట్టె కూడా కూడదన్నారు. స్టెల్లా ఉత్త గిటారు పట్టుకుని లోపలికొచ్చింది. పరశయ్య ఓ నిమిషం నుంచుని చుట్టూ చూశాడు. పాత ఫైళ్ళున్న ఇనప బీరువా తలుపు మీద అరిచేత్తో ఒక దెబ్బ వేసి చూసుకున్నాడు.

"ఇది పనికొచ్చీద్ది," అన్నాడు.

మా ధ్వని నిపుణుడు తారకేశం గారు కాలుష్యం ఆఫీసు నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. ఆయన దగ్గర శబ్దం కొలిచే మీటరు తప్ప వేరే చెవి లేదు. మీటరు నూకరాజు నోటికి రెండు గజాల దూరంలో పెట్టుకుని కూర్చున్నారు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. నేను మీట నొక్కాను.

నూకరాజు పాడాడు.

నాకు రాక్ సంగీతం తెలీదు. ఇంట్లో సుప్రభాతం, ఆఫీసులో ఫోను మోత, ఇంతే నా సంగీతం. కానీ ఆ బొంగురు గొంతు ఎక్కడో అడుగున మొదలై, బీరువా దెబ్బ మీద కాలు పెట్టి పైకెక్కేసరికి, చేతిలో పెన్ను కింద పెట్టేశాను. పాట ఐసు ఫ్యాక్టరీ గురించి. "కరిగే సరుకు నాది, కాటా కాడ ఆపకు," అని మళ్ళీ మళ్ళీ వస్తుంది.

పాట అయ్యాక తారకేశం గారు మీటరు చూశారు. "డెబ్బై నాలుగు. నివాస ప్రాంతాల పగటి పరిమితి యాభై అయిదు."

"రాక్ పాట గదండీ," అంది స్టెల్లా, క్షమాపణ చెబుతున్నట్టు.

డైరెక్టరు గారు ఇంకా లోతుకి వెళ్ళారు. "ఆపకు అని పల్లవిలో ఏడుసార్లు వచ్చింది. ఆపవద్దు అనడంలో కొనసాగింపు భావన గోచరిస్తోంది. ఇది అంతిమ లక్షణానికి విఘాతం. వివరణ?"

"ఐసు కరిగిపోద్దండి బాబూ," అన్నాడు నూకరాజు. "తూకం దగ్గర ఆలీసం సేస్తే నీళ్ళే మిగుల్తాయి. అంతేనండి."

"వివరణ సంతృప్తికరం. అయితే వివరణను బలపరుస్తూ ఫ్యాక్టరీ యాజమాన్యం నుంచి ఐసు కరుగును అని పత్రం జతపరచండి."

పత్రం వచ్చింది. ఐసు కరుగును అని స్టాంపు వేసి ఇచ్చారు. ఇందుకు నాలుగు రోజులు పట్టింది.

ఈలోగా పదిహేడో నిబంధన కింద బహిరంగ ప్రకటన ఇచ్చాం. "ఉప్పుగాలి వారి ఈ ఆల్బమ్ చివరిది కావడంపై ఎవరికైనను అభ్యంతరములున్నచో పదిహేను రోజుల్లోగా తెలుపవలెను." ఇలాంటి ప్రకటనలు ఎవరూ చదవరని మా నమ్మకం. పద్నాలుగో రోజున ఒక ఉత్తరం వచ్చింది. హార్బరు గేటు దగ్గర టిఫిను బండి పెట్టుకున్న అచ్చియ్యమ్మ రాయించింది. "నాకు అభ్యంతరం ఉంది. ఈ పిల్లలు ముప్పై ఏళ్ళ నుంచి పాడతన్నారు. ఇంకా పాడాల."

నియమం ప్రకారం అది చెల్లుబాటయ్యే అభ్యంతరం. విచారణకి పిలిచాం. అచ్చియ్యమ్మకి డెబ్బై ఏళ్ళుంటాయి. కుర్చీ వేసినా నుంచునే మాట్లాడింది. అవతల బల్ల మీద నూకరాజు కూర్చున్నాడు.

"అభ్యంతరదారు తమ అభ్యంతరమునకు ఆధారాలు చూపాలి," అన్నారు డైరెక్టరు గారు.

"ఆదారమేటి బాబూ? ఆదివారం అట్లు పోస్తంటే ఈ నూకడి పాట ఇనబడీది. పాటకి ఒక అట్టు. ఆడు ఆపీస్తే నాకు అట్టు ఎప్పుడు తిరగెయ్యాలో తెలీదు."

"గాయకునికి జూలై ఏడున శస్త్రచికిత్స జరగనున్నది. తదుపరి గాత్రం ఉండదు."

అచ్చియ్యమ్మకి ఆ సంగతి తెలీదు. నూకరాజు వైపు తిరిగి చూసింది. అతను తల దించుకున్నాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకెవులూ సెప్పనేదు బాబూ. తెలిస్తే ఈ అబ్యంతరం మీ కాడెందుకు పెడుదును? ఆ దేవుడి కాడ పెడుదును గానీ. తీసీండి. నా కాయితం నాకిచ్చీండి."

అభ్యంతరం ఉపసంహరణకి వేరే ఫారం ఉంది. ఫారం పరిశీలనకి ఏడు రోజులు పడుతుంది. ఏడు రోజులూ పట్టింది. డైరెక్టరు గారు ఒక్క రోజు కూడా వృథా చెయ్యలేదు, తగ్గించనూలేదు.

రెండో బైఠకు అయింది. మూడోదీ అయింది. నూకరాజు గొంతు బైఠకు బైఠకుకీ సన్నబడుతూ వచ్చింది. అయిదో పాట తర్వాత జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. తారకేశం గారు మాత్రం సంతోషించారు. "అరవై ఒకటి. మెరుగుదల కనిపిస్తోంది," అని పైకి చదువుతూ రాసుకున్నారు.

ఆ రోజు వరండాలో స్టెల్లా నన్ను పట్టుకుని అడిగింది. "తవిటయ్య గారూ, ఆయనకి రోజుకి గంట గొంతే ఉంది. మీ బైఠకు ఉన్న రోజు అది మీకే అయిపోతోంది, మర్నాడు మాట కూడా రావడం లేదు. ఏ ఫోన్లోనో ఇంటి దగ్గరే రికార్డు చేసేసుకుందామంటే వద్దంటున్నాడు. మిగిలిన గొంతు స్టూడియోకి దాచుకోవాలంటాడు. ఇప్పిస్తారా, లేదా? నిజం చెప్పండి."

"ఇస్తారమ్మా. ఫైలు బాగా నడుస్తోంది," అన్నాను. నేను అబద్ధం ఆడలేదు. ఫైలు నిజంగానే బాగా నడుస్తోంది. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో అంత చక్కగా నడిచిన ఫైలు నేను చూడలేదు.

చివరి బైఠకు జూలై నాలుగున. ఏడో పాట పాడేసరికి ఒంటిగంట దాటింది. ఎనిమిదోదానికి ముందు నూకరాజు మంచినీళ్ళు తాగి, డైరెక్టరు గారికి దండం పెట్టాడు.

"ఈ పాట కోసమే బాబూ మొత్తం ఆల్బమ్. నా ఇంటిది రమణమ్మ. ఐసు గంపలు మోసీది. నాలుగేళ్ళయింది పోయి. మొదటి సరణంలో అది నన్ను ఒక మాట అడుగుద్ది. బతికున్నన్నాళ్ళూ అడిగింది, నాను సెప్పనేదు. రెండో సరణంలో సెప్తాను."

నేను మీట నొక్కి, "ప్రదర్శ ఎనిమిది," అన్నాను. స్టెల్లా మెల్లగా మొదలెట్టింది. పరశయ్య బీరువా మీద చేత్తో కాకుండా వేళ్ళతో వాయించాడు. నూకరాజు గొంతు అప్పటికి దారంలా ఉంది. ఆ దారం పట్టుకునే పల్లవి పాడాడు, మొదటి చరణం పాడాడు. "రేవు మూసినాక ఎక్కడికెళ్తావు, ఎవరికి పాడతావు?" అని ఆమె అడిగింది. అతను ఊపిరి తీసుకున్నాడు.

డైరెక్టరు గారు గడియారం చూశారు. ఒంటిగంటన్నర, భోజనం వేళ.

"చాలు. నమూనా సరిపోతుంది. తక్కిన భాగం పాడినట్టుగా భావించడమైనది."

"నాలుగు నిమిషాలేనండీ," అంది స్టెల్లా.

"అమ్మా, పాడలేదని మేము అనడం లేదు. పాడినట్టుగానే భావిస్తున్నాం. అభ్యర్థికి ఇందువల్ల ఏ నష్టమూ లేదు. పైగా గాత్రశ్రమ తప్పింది."

నేను మీట ఆపాను. నూకరాజు నోరు ఇంకా తెరిచే ఉంది. మూసుకుని, నెమ్మదిగా, "పోనీలెండి," అన్నాడు. "స్టూడియోలో పాడుకుంటాను. ఇంకా మూడ్రోజులుంది గదా."

మర్నాడు పొద్దున్నే ఫైలు పూర్తి చేసి డైరెక్టరు గారి ముందు పెట్టాను. నా చేతులతో నేనే మోసుకెళ్ళాను. ఆయన మొదటి కాగితం నుంచి చదివారు. డాక్టరు గారి ఉత్తరం దగ్గర ఆగారు.

"ఇందులో గాత్రం పోతుంది అని ఉంది."

"అవునండి."

"పోయింది అని లేదు."

"ఆపరేషను ఎల్లుండి గదండీ."

"అదే నేను చెబుతున్నది. పోతుంది అనేది ఒక ఊహ. రేపు వాయిదా పడవచ్చు. గాత్రం పోకపోవచ్చు. అతను మళ్ళీ పాడవచ్చు. అప్పుడు ప్రజల కన్నీటికి పూచీ ఎవరు? భవిష్యత్తుపై మండలి ధ్రువపత్రం ఇవ్వజాలదు. శస్త్రచికిత్స అనంతరం, గాత్రం పోయినట్టు పత్రం సమర్పిస్తే తక్షణమే అనుమతిద్దాం."

ముగ్గురూ బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. లోపలికి పిలిచి ఆయనే చెప్పారు. పరశయ్య తెల్లబోయి, తర్వాత ఎర్రబడ్డాడు. నూకరాజుకి అప్పటికి మాట దాదాపు లేదు. గుసగుసగా అడిగాడు. "గొంతు పోయాక ఏటి పాడతానండి?"

"అది కళాకారుని అంతర్గత వ్యవహారం," అన్నారు డైరెక్టరు గారు, ఎంతో మర్యాదగా. "మండలి కళలో జోక్యం చేసుకోదు."

పరశయ్య బల్ల మీద చెయ్యి ఎత్తాడు. నూకరాజే ఆ చెయ్యి పట్టుకుని దింపాడు. ఆపరేషను దాకా పెదవి కదపొద్దని ఆ సాయంత్రమే డాక్టరు గారు చెప్పేశారట. ఆ రెండు రోజులూ అతను ఐసు షెడ్డులో ఊరికే కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

ఆపరేషను జరిగింది. బాగా జరిగింది. మూడు వారాలకి స్టెల్లా కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "గాత్రం పూర్తిగా, శాశ్వతంగా పోయినది." అదే రోజు మధ్యాహ్నం అనుమతి సంతకమైంది. తక్షణమే అంటే తక్షణమే. మాట తప్పారని డైరెక్టరు గారిని ఎవరూ అనలేరు.

రాష్ట్రంలో మొట్టమొదటి అంతిమ ధ్రువపత్రం కాబట్టి చిన్న సభ పెట్టారు. వేదిక, పూలదండ, వెనక గుడ్డ మీద మండలి ముద్ర. నూకరాజు మెడకి తెల్లగుడ్డ కట్టుకుని వచ్చాడు. చేతిలో చిన్నపిల్లల పలక ఉంది. గుడ్డ మీదుగానే దండ వేశారు. డైరెక్టరు గారు ధ్రువపత్రం అందిస్తూ మైకులో చెప్పారు.

"అన్ని అవరోధాలూ తొలగినవి. నేటి నుంచి పదిహేను రోజుల్లోగా మీరు నిరభ్యంతరంగా పాడవచ్చును."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ ఉండగా నాకు సిగ్గేసింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో అలాంటి సిగ్గు నాకు ఎప్పుడూ రాలేదు. ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. ఏమైందని మా ఆవిడ అడిగితే, ఫైలు సక్రమంగా ముగిసిందని చెప్పాను.

మర్నాడు స్టెల్లాకి నేనే ఫోన్ చేశాను. "అమ్మా, ఎనిమిది పాటలూ మా ఫైల్లో ఉన్నాయి. సమాచార హక్కు చట్టం కింద నకళ్ళు అడగండి. ఆ దరఖాస్తులు చూసే అధికారిని కూడా నేనే." ఆవిడ గంటలో దరఖాస్తు తెచ్చింది. ముప్పై రోజులు గడువున్నా మూడో రోజున లక్కసీళ్ళు పగలగొట్టి నకళ్ళు ఇచ్చేశాను. అంత త్వరగా ఎందుకిచ్చావని నాకు మెమో వచ్చింది. పొరపాటు మళ్ళీ జరగదని సంజాయిషీ రాసిచ్చాను.

వాళ్ళు వాటిని ఏమీ దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టు ఆల్బమ్ చేశారు. ఆదివారం నాడు అచ్చియ్యమ్మ బండి దగ్గర పెట్టి వినిపించారు. నన్నూ పిలిచారు. రేవు జనమంతా ప్లేట్లు పట్టుకుని నుంచున్నారు. మొదట నా గొంతు, "ప్రదర్శ ఒకటి, సమయం పదకొండు ఇరవై." జనం నవ్వారు. తర్వాత బీరువా, గిటారు, ఫ్యాను, నూకరాజు. ఎవరూ నవ్వలేదు. మధ్యలో తారకేశం గారి "అరవై ఒకటి" కూడా ఉంది. అచ్చియ్యమ్మ పాటకి ఒక అట్టు చొప్పున తిరగేసింది. ఎనిమిదో పాటలో రమణమ్మ అడిగింది. నూకరాజు ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు డైరెక్టరు గారి గొంతు ఖంగుమంది. "తక్కిన భాగం పాడినట్టుగా భావించడమైనది." ఆ తర్వాత నా మీట టక్కుమంది. ఉప్పుగాలి చివరి ఆల్బమ్ అక్కడితో అయిపోయింది.

నూకరాజు పలక ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను చేతులు కడుక్కుని వచ్చేశాను.

సోమవారం పొద్దున్న పదిన్నరకి అతనే ఆఫీసుకి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. దరఖాస్తు నా చేతికిచ్చాడు. చేతిరాత పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. "ప్రదర్శ ఎనిమిదిలో రెండో చరణం నేను పాడినట్టు మీ మండలి భావించి, ఫైల్లో రాసింది. ఆ చరణం నకలు ఇప్పించ ప్రార్థన."

డైరెక్టరు గారి ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు.

"పాడలేదని జవాబు రాద్దామా సార్?" అన్నాను.

"ఎలా రాస్తావయ్యా? పాడలేదంటే శ్రవణం అసంపూర్ణం. శ్రవణం అసంపూర్ణమైతే ధ్రువపత్రం చెల్లదు. చెల్లకపోతే అతన్ని మళ్ళీ పిలిపించి పాడించాలి." అని ఆగారు. ఆయన కూడా ఆ మెడకున్న తెల్లగుడ్డని చూశారు కదా. గొంతు సవరించుకున్నారు. "పాడాడు. మండలి రికార్డు ప్రకారం పాడాడు. పాడినది ఎక్కడో ఉండి తీరాలి. వెతికించండి."

వెతకడానికి ఉత్తర్వు వచ్చింది. నలుగురు గుమాస్తాలు, నేను. పన్నెండు బీరువాలు, రెండు అటకలు. ఏ బీరువా ఏ రోజు వెతికామో రాయడానికి ఒక రిజిస్టరు తెరిచాం. తారకేశం గారు మీటరు పట్టుకుని గది గదీ తిరుగుతున్నారు. ఒకరోజు మేడ మీద గదిలో మీటరు నలభై రెండు చూపించిందని అందరం పరుగెత్తాం. అది ఫ్యాను.

ప్రతి సోమవారం పదిన్నరకి నూకరాజు వస్తాడు. నా ఎదురుగా బల్ల మీద కూర్చుని పలక చూపిస్తాడు. "దొరికిందా?" వెతుకుతున్నామండీ అంటాను. తలూపి, ఒంటిగంటన్నర దాకా కూర్చుని వెళ్ళిపోతాడు.

పోయిన సోమవారం నేను ఉండబట్టలేకపోయాను. "నూకరాజు గారూ, ఆ చరణం మీకు కంఠతా వచ్చు గదా. పలక మీద రాసివ్వండి. ఫైల్లో పెట్టేస్తాను. ఈ వెతుకులాట తప్పుతుంది. ఆవిడకి మీరేం చెప్పారో నాకూ తెలుస్తుంది," అన్నాను.

అతను పలక తుడిచాడు. నిదానంగా రాసి నా వైపు తిప్పాడు.

"మళ్ళీ ఎందుకండి? నేను పాడీసినాను గదా. మీ ఆఫీసే రాసింది."

నేను లేచి వెళ్ళి ఇంకో బీరువా తెరిచాను.